ఒక్క తీగ చాలదా?

మన హాస్టల్ గిటారుకు ఆరు తీగల్లో మూడే మిగిలాయి. "కొత్త తీగలు వచ్చేదాకా స్టోర్ రూములో పెట్టేద్దాం, ఎవరూ ముట్టుకోవద్దు" అని కొందరు అంటున్నారు. నేను ఒప్పుకోను. నేర్చుకునేవాడికి ఒక్క తీగ చాలు. అసలు మొదట ఒక్క తీగ మీదే నేర్చుకోవాలని నా అభిప్రాయం.

ఎందుకంటారా? గిటారు మీద ఒక మెట్టు జరిగితే ఒక స్వరస్థానం పెరుగుతుంది. ఖాళీ తీగను 'స' అనుకోండి. 2, 4, 5, 7, 9, 11 మెట్ల మీద రి, గ, మ, ప, ద, ని వస్తాయి. 12వ మెట్టు మీద పై 'స'. ఆ మెట్టు తీగ పొడవులో సగం దగ్గర ఉంటుంది, కావాలంటే స్కేలు పెట్టి కొలవండి. దీన్నే ఇంగ్లీషువాళ్లు మేజర్ స్కేల్ అంటారు. మన సంగీతంలో శంకరాభరణం. గ–మ మధ్య, ని–స మధ్య ఒక్క మెట్టే దూరం, మిగతా అన్నిచోట్లా రెండేసి. తీగ నుంచి తీగకు దూకుతూ వాయిస్తే ఈ లెక్క వేళ్ల అమరికలో దాక్కుంటుంది. ఒకే తీగ పొడుగునా పోతే కంటికి కనపడుతుంది, చెవికీ ఎక్కుతుంది.

ఇంకో తమాషా చూడండి. ఇందులో 'మ' ఒక్కటి 5 నుంచి 6కు పెంచితే కల్యాణి, వాళ్ల లిడియన్. 'మ'ను మళ్లీ 5కు తెచ్చి 'ని' ఒక్కటి 11 నుంచి 10కి దించితే హరికాంభోజి, వాళ్ల మిక్సొలిడియన్. దాంతోపాటు 'గ'ను కూడా 4 నుంచి 3కి దించితే ఖరహరప్రియ, వాళ్ల డోరియన్. ఒక్క మెట్టు మారితే పాట ముఖమే మారిపోతుంది!

"కార్డులు రాకుండా గిటారేంట్రా?" అని అడిగేవాళ్లున్నారు. నిజమే, కార్డు పట్టాలంటే ఒకటి కంటే ఎక్కువ తీగలు కావాలి. పాటకు తోడు వాయించాలంటే అది తప్పదు. కానీ స్వరం ఎక్కడుందో తెలియకుండా బొమ్మ చూసి వేళ్లు పెట్టడం, అర్థం తెలియకుండా ఎక్కం బట్టీ పట్టినట్టే. అమెరికా గిటారిస్టు మిక్ గుడ్రిక్ 1987లో రాసిన 'ది అడ్వాన్సింగ్ గిటారిస్ట్' పుస్తకంలో, బాగా వాయించేవాళ్లను కూడా ఒక్కో తీగ మీద సాధన చెయ్యమన్నాడు.

అంత దూరం ఎందుకు? ఆదిలాబాద్ గోండు గూడేల్లో పర్ధాన్లు విల్లుతో వాయించే కిక్రికి మూడు తీగలే. వాటి మీదనే గోండుల దేవతల కథలు చెబుతారు. మూడు తీగల వాద్యాన్ని తరతరాలుగా పూజించే మనవాళ్ల మధ్య, మూడు తీగలున్న గిటారు పనికిరాదని తాళం వేస్తామా?

వార్డెన్ గారికి మనవి: తీగలు వచ్చినప్పుడు వస్తాయి. ఈలోపు రోజూ సాయంత్రం ఆటల టైములో అరగంట గిటారు బయటికి ఇప్పించండి సార్. వంతులవారీగా వాయించుకుంటాం, జాగ్రత్తగా తిరిగి అప్పజెబుతాం.

ఒప్పుకోనివాళ్లు వచ్చే సంచికకు జవాబు రాయండి. గోడ మీద చోటుంది!

— 9వ తరగతి విద్యార్థి