ఆ బ్రాంచ్‌ను కొట్టేసే ముందు ఒక్క మాట



జేఈఈ ర్యాంకులు వచ్చి, కౌన్సెలింగ్‌కు ఆప్షన్లు పెట్టుకునే రోజుల్లో చాలా ఇళ్లలో పెళ్లివారింటి హడావిడి ఉంటుంది. కంప్యూటర్ సైన్స్ ఎక్కడెక్కడ ఉందో వెతికి పైన పెడతారు. తర్వాత ఎలక్ట్రానిక్స్, ఎలక్ట్రికల్, మెకానికల్. జాబితా చివరికి వచ్చేసరికి ‘మెటలర్జికల్ అండ్ మెటీరియల్స్ ఇంజినీరింగ్’ అన్న పేరు కనిపిస్తుంది. “ఇదేంటి, ఇనుము కరిగించే చదువా? మనకొద్దు” అని ఒక్క మాటతో కొట్టేస్తారు.

వద్దనుకునే హక్కు మీకూ మీ పిల్లలకూ ఉంది. అయితే తెలిసి వద్దనడం వేరు, తెలియక వద్దనడం వేరు. సైన్సు మీద నిజమైన ఇష్టం ఉండి, యూనివర్సిటీలో పరిశోధన వైపు వెళ్లాలనుకునే పిల్లలకు ఇది చాలా మంచి దారి అని నా అభిప్రాయం. అందులోనూ తెలుగు రాష్ట్రాల పిల్లలకు ఇది ఇంటి ముందున్న దారి.

ఇంతకీ ఇందులో ఏం చదువుతారు?

ఒకే ఇనుము మన వంటింట్లో పెనం అవుతుంది, రైలు పట్టా అవుతుంది, సర్జన్ చేతిలో కత్తీ అవుతుంది. అందులో కార్బన్ ఎంత ఉంది, వేరే లోహాలు ఏవి కలిపారు, ఎంత వేడి చేశారు, ఎంత వేగంగా చల్లార్చారు అన్నదాన్ని బట్టి దాని గుణం మారిపోతుంది. పరమాణువులు ఎలా అమరి ఉన్నాయో మైక్రోస్కోపుల్లో చూసి, ఆ గుణం ఎందుకు వచ్చిందో తెలుసుకోవడం, మనకు కావలసిన గుణం వచ్చేలా అమరికను మార్చడం ఈ శాస్త్రం పని. ఇప్పుడిది లోహాలతో ఆగలేదు. బ్యాటరీలు, చిప్‌లు, సిరామిక్స్, ప్లాస్టిక్‌లు, ఎముకల్లో అమర్చే ఇంప్లాంట్లు అన్నీ దీని కిందికే వస్తాయి.

2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లిథియం అయాన్ బ్యాటరీకి దారి వేసిన ముగ్గురికి వచ్చింది. మీ చేతిలోని ఫోన్ నడిచేది ఆ పరిశోధన పుణ్యమే. 2011లో అదే బహుమతి అందుకున్న డాన్ షెక్ట్‌మన్ ఇజ్రాయెల్‌లోని టెక్నియన్ యూనివర్సిటీలో మెటీరియల్స్ ప్రొఫెసర్. 1982లో ఆయన ఒక మిశ్రమలోహంలో చూసిన పరమాణు అమరిక అసాధ్యమని అప్పటి పెద్దలు కొట్టిపారేశారు. ఆయన తను చూసినదాని మీదే నిలబడ్డారు. చివరికి పుస్తకాలే మారాయి.

మన ఊళ్లలోనే ఉంది

నిజామాబాద్ జిల్లా కోనసముద్రం పేరు ఎప్పుడైనా విన్నారా? అక్కడి కమ్మరులు మట్టి మూసల్లో కరిగించి తీసిన ఉక్కు కోసం పర్షియా వర్తకులు అంతదూరం నుంచి వచ్చేవారు. పేరుపొందిన డమాస్కస్ కత్తుల వెనక ఉన్నది ఇలాంటి ఉక్కే. ఇంగ్లిష్‌లో దాన్ని ‘వూట్జ్’ అంటారు. ఆ మాట మన ‘ఉక్కు’ నుంచే వచ్చిందని పండితులు చెబుతారు. మన పిల్లలు కరెంటు పాఠంలో చదువుకునే మైకేల్ ఫారడే 1819లోనే ఈ ఉక్కును పరీక్షించి వ్యాసం రాశారు.

ఇక ఇప్పటి సంగతి. హైదరాబాద్ కంచన్‌బాగ్‌లో డీఎంఆర్‌ఎల్ ఉంది. అర్జున్ ట్యాంకుకు వాడే ‘కంచన్’ కవచం అక్కడే పుట్టింది. 2022లో నౌకాదళంలో చేరిన ఐఎన్‌ఎస్ విక్రాంత్‌కు వాడిన ప్రత్యేక ఉక్కును కూడా డీఎంఆర్‌ఎల్ రూపొందిస్తే, సెయిల్ తయారుచేసింది. ఆ పక్కనే ఉన్న మిధాని రక్షణ, అంతరిక్ష రంగాలకు టైటానియం మిశ్రమాలు, సూపర్ అల్లాయ్‌లు అందిస్తోంది. బాలాపూర్‌లోని ఏఆర్‌సీఐలో కొత్త పదార్థాల మీద పరిశోధన సాగుతోంది.

న్యూక్లియర్ ఫ్యూయల్ కాంప్లెక్స్ కూడా మన హైదరాబాద్‌లోనే ఉంది. అణు రియాక్టర్లలో యురేనియం ఇంధనాన్ని పెట్టే గొట్టాలు అక్కడ జిర్కోనియం మిశ్రమంతో తయారవుతాయి. జిర్కోనియమే ఎందుకు? అది న్యూట్రాన్లను పెద్దగా పీల్చుకోదు, మరిగే నీటిలోనూ అంత త్వరగా పాడవదు. అయితే ప్రకృతిలో దానితో కవలపిల్లలా హాఫ్నియం కలిసి ఉంటుంది. అది న్యూట్రాన్లను విపరీతంగా మింగేస్తుంది. రసాయన గుణాల్లో ఈ రెండూ దాదాపు ఒకటే, అయినా విడదీసి తీరాలి. పదో తరగతిలో మనవాళ్లు చదివే లోహాల పాఠానికి ఇది కొనసాగింపే.

చదువు ఎక్కడ, ఖర్చు ఎంత?

ఎన్‌ఐటీ వరంగల్, ఐఐటీ హైదరాబాద్, ఆంధ్రా యూనివర్సిటీ, జేఎన్‌టీయూ హైదరాబాద్‌లలో ఈ బ్రాంచ్ ఉంది. హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీలో మెటీరియల్స్ ఇంజినీరింగ్‌లో పీజీ, పీహెచ్‌డీ చేయవచ్చు. బెంగళూరు ఐఐఎస్‌సీ నాలుగేళ్ల బీఎస్ కోర్సులో మెటీరియల్స్‌ను ప్రధాన సబ్జెక్టుగా తీసుకోవచ్చు. బీటెక్ ఒక్కటే దారి కాదు. ఫిజిక్స్ లేదా కెమిస్ట్రీలో ఎమ్మెస్సీ చేసినవారూ మెటీరియల్స్‌లో పీహెచ్‌డీకి వెళుతున్నారు.

ఇక్కడ ఒక సంగతి చాలామంది తల్లిదండ్రులకు తెలియదు. ఫెలోషిప్ వస్తే పీహెచ్‌డీకి మీరు డబ్బు కట్టి చదివించనక్కర్లేదు. చదువుతున్నందుకు వాళ్లకే నెలనెలా డబ్బు ఇస్తారు. 2023 జనవరి నుంచి జూనియర్ రీసెర్చ్ ఫెలోషిప్ నెలకు 37,000 రూపాయలు, సీనియర్‌కు 42,000 రూపాయలు. దీనికి ఇంటి అద్దె భత్యం అదనం. గేట్ రాసి ఎంటెక్‌లో చేరినవారికి నెలకు 12,400 రూపాయల స్టైపెండ్ ఉంటుంది. పీహెచ్‌డీ తర్వాత యూనివర్సిటీలో అసిస్టెంట్ ప్రొఫెసర్‌గా చేరితే యూజీసీ స్కేలు మూలవేతనమే 57,700 రూపాయలతో మొదలవుతుంది. డీఆర్‌డీవోలో, అణుశక్తి విభాగంలో మెటలర్జీ చదివినవారికి శాస్త్రవేత్తల ఉద్యోగాలు ఉన్నాయి.

తెలుగువారైన ఆచార్య పల్లె రామారావుగారి జీవితం చూడండి. కాశీ హిందూ విశ్వవిద్యాలయంలో మెటలర్జీ ప్రొఫెసర్‌గా పనిచేసి, డీఎంఆర్‌ఎల్ డైరెక్టర్ అయ్యారు. ఆ తర్వాత కేంద్ర శాస్త్ర సాంకేతిక శాఖ కార్యదర్శిగా, హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీ వైస్ చాన్స్‌లర్‌గా పనిచేశారు. 2011లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఒక ప్రొఫెసర్ ఎంత దూరం వెళ్లగలరో చెప్పడానికి ఇంతకంటే ఏం కావాలి?

కష్టం కూడా చెప్పుకోవాలి

ఇది ఓపిక ఉన్నవాళ్ల దారి. బీటెక్ నాలుగేళ్లు, ఎంటెక్ రెండేళ్లు, పీహెచ్‌డీ మరో నాలుగైదేళ్లు. ఈలోగా సాఫ్ట్‌వేర్‌లో చేరిన స్నేహితులు కారు కొంటారు, ఫ్లాట్‌కు అడ్వాన్స్ ఇస్తారు. బంధువులు “మీవాడు ఇంకా చదువుతూనే ఉన్నాడా?” అని అడుగుతారు. నెలల తరబడి చేసిన ప్రయోగం ఒక్కోసారి ఎందుకూ పనికిరాకుండా పోతుంది. యూనివర్సిటీల్లో పర్మనెంట్ పోస్టులు కొన్నే, పోటీ గట్టిగా ఉంటుంది. ఇంటి అప్పు తీర్చే బాధ్యత బీటెక్ అవ్వగానే పిల్లవాడి మీద పడేటట్టయితే, ఆ లెక్క ముందే వేసుకోవాలి.

కేవలం ఐఐటీ పేరు కోసం, ఇష్టం లేకపోయినా ఈ బ్రాంచ్‌లో చేర్చడాన్ని కూడా నేను సమర్థించను. నాలుగేళ్లు ముఖం మాడ్చుకుని చదివే పిల్లవాడికి ఆ పేరు తోడు రాదు. మా వంటి విద్యాసంస్థల ప్రకటనల్లో ర్యాంకులే కనబడతాయి. ఆ ర్యాంకర్లు పదేళ్ల తర్వాత సంతోషంగా పనిచేస్తున్నారా లేదా అన్నది ఏ హోర్డింగ్ మీదా ఉండదు. అది చూసుకోవలసింది మనమే.

కోడింగ్ ఇష్టమైన పిల్లలు దాన్ని వదులుకోవాలేమోనని భయపడనక్కర్లేదు. కొత్త మిశ్రమలోహం ఎలా ప్రవర్తిస్తుందో కంప్యూటర్‌లో ముందే అంచనా వేయడం ఇప్పుడు ఈ పరిశోధనలో పెద్ద భాగం. “ఆడపిల్లకు కొలిమి దగ్గర పనేంటి?” అనేవారికి ఒక మాట. ఈ పరిశోధనలో ఎక్కువ పని ల్యాబ్‌లో, మైక్రోస్కోపు ముందు, కంప్యూటర్ ముందు జరుగుతుంది. పైగా 2018 నుంచి ఐఐటీల్లో అమ్మాయిలకు అదనపు సీట్లు ఇస్తున్నారు.

మీరు చేయగలిగింది

మీ పిల్లలు అడిగే ప్రశ్నలను గమనించండి. అల్యూమినియం గిన్నె నల్లబడుతుంది కానీ స్టీలు గిన్నె ఎందుకు నల్లబడదు? ఫోన్ బ్యాటరీ ఎందుకు ఉబ్బింది? ఇలాంటివి అడిగి, జవాబు వచ్చేదాకా వదలని పిల్లలు మీ ఇంట్లో ఉంటే, “ముందు హోంవర్క్ చెయ్యి” అని ఆపేయకండి. ఫిబ్రవరి 28 జాతీయ సైన్స్ దినోత్సవం సమయంలో కొన్ని పరిశోధన సంస్థలు విద్యార్థులను లోపలికి రానిస్తాయి, కనుక్కుని తీసుకెళ్లండి. ఈ రంగంలో పీహెచ్‌డీ చేస్తున్న ఒక్కరితోనైనా మీ పిల్లలను మాట్లాడించండి. జీతం, కష్టం, ఆనందం మూడింటి గురించీ అడగమనండి.

అన్నీ తెలుసుకున్నాక కూడా కంప్యూటర్ సైన్సే కావాలంటే ఆనందంగా పంపించండి. ఒకవేళ జాబితా చివర ఉన్న ఆ పేరు మీద మీ అమ్మాయి వేలు పెట్టి “నాకు ఇది కావాలి” అంటే, కట్‌ఆఫ్ ర్యాంకు చూసి తక్కువ చేయకండి. ఎందుకు కావాలో అడగండి. ఆ జవాబులో ఇష్టం, ఆలోచన కనబడితే ఆ ఆప్షన్‌ను పైకి జరపడానికి భయపడకండి.