బొగ్గు బిడ్డతో బొగ్గు ప్రమాణం

కొత్తగూడెంలో సింగరేణి బొగ్గు గనుల స్టోర్లకు నట్లు, బోల్టులు సప్లై చేసే చిన్న వ్యాపారిని. టెండరు వేయాలంటే జీఎస్టీ, పాన్, ధరావతు, మమ్మల్ని ఎక్కడా బ్లాక్‌లిస్టులో పెట్టలేదని స్టాంపు కాగితం మీద నోటరీ... అన్నీ అలవాటే.

2022లో ఓ రాత్రి టెక్సాస్‌లోని ఇర్వింగ్ నుంచి మేనల్లుడు ఫోన్ చేశాడు. "మామా, మేం చమురు, బొగ్గు కంపెనీలను బహిష్కరిస్తలేమని రాసియ్యమంటున్నరు." టెక్సాస్ సర్కారు శాఖకు వాళ్ల కంపెనీ చేసే సాఫ్ట్‌వేర్ పని కోసమట. 2021లో అక్కడ చట్టం తెచ్చారు: సిబ్బంది పదిమంది లేదా ఎక్కువ, కాంట్రాక్టు లక్ష డాలర్లు లేదా ఎక్కువ అయితే ఆ మాట రాసివ్వాల్సిందేనని. నాకు నవ్వొచ్చింది. వాడి నాన్న ముప్పయ్యేళ్లు బొగ్గు బాయి దిగిన మనిషి. వాడి ఇంజినీరింగు ఫీజు కట్టింది బొగ్గు జీతమే.

మొన్న టీకొట్టు దగ్గర యూనియన్ మిత్రుడొకడు, మన దగ్గరా అలాంటి షరతు పెట్టాలన్నాడు. బొగ్గుకు అప్పివ్వనంటున్న బ్యాంకుల మీద వాడి కోపం. కోపం నాకూ ఉంది. కానీ 1990ల మొదట్లో లక్ష దాటిన సింగరేణి ఉద్యోగులు ఇప్పుడు నలభై వేల దగ్గరకు వచ్చారంటే, ఎవరో బహిష్కరించినందుకా? ఓపెన్ కాస్టులొచ్చాయి, యంత్రాలొచ్చాయి, మట్టి తీసే పని కాంట్రాక్టర్లకు పోయింది. 2021 డిసెంబరులో కార్మికులు మూడు రోజులు సమ్మె చేసింది కోయగూడెం సహా నాలుగు బొగ్గు బ్లాకుల వేలం మీద. ఆ వేలం పెట్టింది కేంద్రం, పర్యావరణవాదులు కాదు. సింగరేణే మణుగూరులో, ఇల్లెందులో సోలార్ ప్లాంట్లు పెట్టుకుంది. దాన్నేమనాలి?

పైగా ఖర్చు. టెక్సాస్‌లో ఆ చట్టం, దాంతోపాటు తుపాకీ కంపెనీల మీద వివక్ష చూపొద్దంటూ తెచ్చిన చట్టం వచ్చాక ఐదు పెద్ద బ్యాంకులు టెక్సాస్ బాండ్ల మార్కెట్ వదిలేశాయి. పోటీ తగ్గి, తొలి ఎనిమిది నెలల్లో తీసుకున్న 3,200 కోట్ల డాలర్ల అప్పు మీద అక్కడి ఊళ్లు, బడులు అదనంగా కట్టాల్సిన వడ్డీ 30 నుంచి 53 కోట్ల డాలర్లని ఇద్దరు ఆర్థికవేత్తలు లెక్కగట్టారు. టెండరులో ఒకడు తగ్గితే రేటు పెరుగుతుందని నా గుమాస్తాకూ తెలుసు.

మన దగ్గరా 2020లో సరిహద్దు దేశాల బిడ్డర్లు ముందే రిజిస్టరు కావాలని కేంద్రం నిబంధన పెట్టింది. అది దేశభద్రత సంగతి. యజమాని ఏ దేశంవాడో కాగితం చూస్తే తెలుస్తుంది. కానీ బ్యాంకు బొగ్గుకు అప్పివ్వనిది నష్టమొస్తుందనా, బొగ్గంటే పడకనా? మామూలు వ్యాపార కారణముంటే అది బహిష్కరణ కాదని టెక్సాస్ చట్టమే అంది. మనసులో ఉన్న కారణాన్ని ఏ గుమాస్తా సరిచూస్తాడు? నా బోల్టు నిలుస్తుందో లేదో చూడండి. బొగ్గు మీద నా అభిప్రాయం టీకొట్టు దగ్గర చెప్తాను.

మేనల్లుడు సంతకం పెట్టేశాడు. "బహిష్కరించుడంటే ఏందో అడిగినవారా?" అన్నాను.

"అడిగిన మామా. ఆ కాగితం పంపినామెకు కూడా తెల్వదట."