ఆటల గురువునకు సన్మానము

ఉపాధ్యాయుడు ఉద్యోగ విరమణ చేయునప్పుడు సభ జరుపుట మన ఆచారము. పూలదండ వేయుదురు, శాలువ కప్పుదురు, నాలుగు మంచి మాటలు చెప్పుదురు. తెలుగు పండితుడు నేర్పిన పద్యములు ఆనాడు శిష్యుల నోట వినబడును. గణితోపాధ్యాయుని కృషికి పరీక్షా ఫలితములు సాక్ష్యమిచ్చును. వ్యాయామోపాధ్యాయుని వంతు వచ్చునప్పటికి మాత్రము వక్తలు తడబడుదురు. ఆయన చేసిన పని మార్కుల పట్టికలో కానరాదు. కావున ‘మంచివారు, క్రమశిక్షణ గలవారు’ అని రెండు ముక్కలు పలికి ముగింతురు. ఇది చాలదని నా అభిప్రాయము.

ఆటల గురువు చేయు పని ఎట్టిదో తెలియవలెనన్న హైదరాబాదు వాసియైన సయ్యద్ అబ్దుల్ రహీము చరిత్రను చూడవలెను. ఆయన పాఠశాలలో ఉపాధ్యాయుడు. వ్యాయామ విద్యలో డిప్లొమా పొంది, పిల్లల ఆటల భారమును వహించెను. ఆయన శిక్షణలో హైదరాబాదు సిటీ పోలీసు ఫుట్‌బాలు జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా అయిదు పర్యాయములు రోవర్స్ కప్పును గెలిచినది. భారత జట్టు 1951లో ఢిల్లీలోను, 1962లో జకార్తాలోను జరిగిన ఆసియా క్రీడలలో స్వర్ణపతకము నందినది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్ క్రీడలలో నాలుగవ స్థానమున నిలిచినది.

ఈ విజయములకంటె ఆయన బోధనాపద్ధతి మనకు ముఖ్యము. రహీము యువకులకు పోటీలు పెట్టునప్పుడు చిత్రమైన నియమములు విధించెడివాడు. ఒక పోటీలో అలవాటు లేని కాలితోనే బంతిని తన్నవలెను. మరియొక పోటీలో బంతిని తన కాలివద్దనే ఉంచుకొని పరుగెత్తరాదు. వెంటనే తోటివానికి అందింపవలెను. మొదటి నియమము లోపమును దాచుకొనక సరిదిద్దుకొనుమని చెప్పును. రెండవది తనకంటె జట్టు పెద్దదని చెప్పును. జకార్తాలో వెనుక వరుస ఆటగాడైన జర్నైల్ సింగు తలకు గాయమైనప్పుడు, రహీము ఆయనను ముందు వరుసలో ఆడించెను. దక్షిణ కొరియాపై 2–1 గోళ్లతో గెలిచిన అంతిమ పోటీలో ఒక గోలు జర్నైలుదే. శిష్యుని శక్తి నెరిగిన గురువునకే ఇట్టి నిర్ణయము సాధ్యము.

రహీము 1963 జూన్ 11న కన్నుమూసెను. శిక్షకులకిచ్చు ద్రోణాచార్య పురస్కారము 1985లో గాని ఏర్పడలేదు. ఆయన గాథ హిందీ చలనచిత్రముగా వెలువడినది 2024లో. మన ఊరి వ్యాయామోపాధ్యాయుని విషయమున ఇంత జాగు చేయనేల? ఆయన మన కన్నుల యెదుటనే ఉన్నాడు గదా!

అయితే సన్మానము ఎట్లుండవలెను? ఆటల గంటను పరీక్షల పేరిట ఇతర పాఠములకు ఇచ్చివేసి, ఆటస్థలమును గదులతో నింపి, ఆ గురువునకు దండ వేయుట పరిహాసమే యగును. 2009 నాటి విద్యాహక్కు చట్టము పాఠశాలకు ఆటస్థలము ఉండవలెనని నిర్దేశించినది. పరీక్షలు ముఖ్యము కావని నేననను. కాని దినమంతయు బల్లపై కూర్చున్న బాలుడు కొంతసేపు పరుగెత్తి వచ్చినచో పాఠము వానికి భారము కాదు. తరగతిలో వెనుకబడిన పిల్లవానికి ‘నేనును ఒకటి చేయగలను’ అను ధైర్యము తరచుగా మైదానముననే కలుగును.

కావున వీడ్కోలు నాడు పాత విద్యార్థులును, నేటి విద్యార్థులును కలిసి ఒక ఆట ఆడవలెను. సభలో పతకములు గెలిచినవారే గాక, పందెములో కడపట వచ్చినవారును మాటలాడవలెను. గురువు తమకేమి నేర్పెనో వారే చక్కగా చెప్పగలరు. ఆయన స్థానము ఖాళీగా ఉండక, వేరొక వ్యాయామోపాధ్యాయుడు త్వరలో రావలెను. ఆటల గంట ఆటలకే మిగులవలెను.

బాలబాలికలారా! పెద్దలు శాలువ కప్పుదురు గాక. మరునాటి సాయంకాలము మీరు మైదానమునకు పోయి ఆడుడు. ఆ దారిని పోవుచు మిమ్ము చూచిన గురువునకు కలుగు సంతోషము ఏ శాలువ వలనను కలుగదు.