టిన్ను శనగలతో చేసినా ఇంటి కూరే

శంషాబాద్ విమానాశ్రయం 2008 మార్చిలో తెరుచుకున్నప్పటి నుంచి ఆ చుట్టుపక్కల ఊళ్లకు రాత్రీ పగలూ తేడా పోయింది. ఏడాదికి రెండున్నర కోట్ల మందికి పైగా వచ్చిపోయే చోటది. గల్ఫ్, యూరప్ విమానాలు అనేకం అర్ధరాత్రి దాటాక లేస్తాయి. సామాన్లు ఎక్కించేవాళ్లు, సెక్యూరిటీ గార్డులు, కార్గో గోదాముల్లో, విమానాల మరమ్మతు షెడ్లలో పనిచేసేవాళ్లు, క్యాబ్ డ్రైవర్లు, అందరి బతుకూ షిఫ్టుల లెక్కే. నైట్ డ్యూటీ దిగి పొద్దున్నే రాళ్లగూడలోనో సాతంరాయిలోనో గదికి చేరిన మనిషికి కూరగాయలు తెచ్చి, తరిగి, వండే ఓపిక ఉండదు. ఫోన్లో బిర్యానీ ఆర్డరు పెట్టడమో, నూడుల్స్ ప్యాకెట్ చించడమో జరుగుతుంది. ‘తాజాగా వండుకోవాలి, డబ్బాల్లో తిండి తినకూడదు’ అని సలహా ఇచ్చేవారు పోల్చి చూడాల్సింది వీటితో. ఆ పూట టిన్నుకు పోటీ తోటలోంచి వచ్చిన వంకాయ కాదు, హోటల్ నూనె. అల్మారాలో నాలుగు టిన్నులుంటే ఆ మనిషి ఇంటి వంట తింటాడు, లేకపోతే తినడు. నా వాదనంతా ఇంతే.

నిల్వ తిండి మనకేమన్నా కొత్తా? అదే విమానాశ్రయంలో అమెరికా వెళ్లే కుటుంబాల పెట్టెల్లో ఏముంటుందో అందరికీ తెలుసు. ఆవకాయ, గోంగూర, కందిపొడి, మినప వడియాలు. తెలుగు వంటింట్లో సగం ముందే చేసి దాచిందే. కాకపోతే మన నిల్వల్లో ఒక లోటుంది. అవి రుచినిస్తాయి గానీ కడుపుకు కావలసిన మాంసకృత్తుల్ని పెద్దగా ఇవ్వవు. కందిపొడి రెండు చెంచాలకు మించి ఎవరు కలుపుకుంటారు? ఆవకాయతో అన్నం దిగుతుంది, అన్నమే ఎక్కువగా దిగుతుంది. పప్పు, కూర ఉండాల్సిన చోటు ఖాళీగానే మిగులుతుంది. టిన్నుల్లో దొరికే ఉడికించిన కాబూలీ శనగలు, రాజ్మా, చేప, టమాటా గుజ్జు ఆ ఖాళీకే పనికొస్తాయి. కుక్కర్లో బియ్యం పడేసి, బాణలిలో ఆవాలు, జీలకర్ర, ఎండుమిర్చి, కరివేపాకు, నాలుగు వెల్లుల్లి రెబ్బలు పోపు పెట్టి, ఉల్లిపాయ వేగాక టమాటా గుజ్జు వేసి నూనె తేలేదాకా మగ్గనివ్వాలి. జల్లెట్లో కడిగిన శనగలు, ధనియాల పొడి వేసి మూతపెడితే కుక్కర్ ఆవిరి దిగేలోపు కూర సిద్ధం. టిన్నులోని ట్యూనాకైతే ఉల్లిపాయ, పచ్చిమిర్చి వేసి కోడిగుడ్డు పొరటులా చేస్తే సరి. ఉప్పు, కారం, నూనె ఎంత పడాలో నిర్ణయించేది వండే మనిషే. ఇంటి వంటకూ హోటల్ పార్సెల్‌కూ అసలు తేడా అక్కడుంది.

‘అన్నీ మందులే కదా’ అన్నది అన్నిటికన్నా ముందు వచ్చే అభ్యంతరం. టిన్నులోని శనగల్ని కాపాడేది మందు కాదు, వేడి. గాలి చొరకుండా మూసి వేడిచేస్తే తిండి పాడవదని ఫ్రాన్సులో నికొలా అపేర్ 1810 నాటికే పుస్తకం రాశాడు. ఎందుకు పాడవదో పాశ్చర్ వచ్చి చెప్పడానికి ఇంకో అర్ధశతాబ్దం పట్టింది. ఈనాటి ఫ్యాక్టరీల్లో పులుపు లేని పదార్థాలను సుమారు 121 డిగ్రీల వేడి దగ్గర శుద్ధి చేస్తారు. బొటులిజం తెచ్చే సూక్ష్మజీవి బీజాలు మామూలుగా మరిగే నీటికి చావవు కాబట్టే అంత వేడి. సైనికుల కోసం మైసూరు రక్షణ ఆహార పరిశోధన ప్రయోగశాల అభివృద్ధి చేసి, తర్వాత కంపెనీలకు ఇచ్చిన రిటార్ట్ పొట్లాల (తిండి నింపి, మూసి, వేడితో శుద్ధి చేసే సంచుల) సూత్రమూ ఇదే. అందుకే ఉడికిన పప్పును ఇంట్లో సీసాకెత్తి నెలల తరబడి దాచే ప్రయోగాలు మాత్రం వద్దు. ఆవకాయను కాపాడే ఉప్పు, పులుపు పప్పులో ఉండవు. ఇక పోషకాలంటారా, విటమిన్ సి కొంత పోతుంది. మాంసకృత్తులు, పీచు దాదాపు అలాగే ఉంటాయి. టమాటాలోని లైకోపీన్ అయితే పచ్చికాయ కన్నా ఉడికించిన గుజ్జు నుంచే ఒంటికి బాగా పడుతుంది.

ఉప్పు సంగతి మాత్రం తేలిగ్గా కొట్టిపారేయలేం. రోజుకు 5 గ్రాముల ఉప్పు దాటొద్దని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతుంది. కొన్ని టిన్నుల్లోని ఉప్పునీళ్లు కూడా కూరలో పోసేస్తే ఆ 5 గ్రాముల్లో పెద్ద భాగం ఒక్క పూటకే అయిపోతుంది. ఆ నీళ్లు వంపేసి బాగా కడిగితే సోడియంలో మూడో వంతు, ఒక్కోసారి అంతకన్నా ఎక్కువే పోతుంది. కడగకుండా వాడడమే తప్పు. టిన్ను లోపలి పూతలో వాడే బిస్ఫినాల్-ఏ అనే రసాయనం మీద భయమూ ఊరికే పుట్టింది కాదు. ఆహారాన్ని తాకే వస్తువుల్లో దాన్ని వాడకుండా యూరోపియన్ యూనియన్ 2024 డిసెంబరులో నిషేధాన్ని ఆమోదించింది. మన దగ్గరా తయారీదారులు ఆ పూత లేని టిన్నులకు మారాలని అడగడం న్యాయమే. ధర విషయంలో విమర్శకులదే పైచేయి. 400 గ్రాముల టిన్నులో నీళ్లు తీసేస్తే మిగిలేది 240 గ్రాముల శనగలు, అంటే నానబోసి ఉడికించుకునే రెండు గుప్పెళ్ల ఎండు శనగలకు సమానం. అందుకని డ్యూటీకి వెళ్తూ నానబోసుకోగలిగినవాళ్లు అలాగే చేయడం మేలు. చెప్పకుండా షిఫ్టు మారిన రోజుకు, ఓవర్‌టైమ్ పడిన రోజుకు టిన్ను.

‘ఇంట్లో ఆడవాళ్లుండగా ఇవన్నీ ఎందుకు’ అనే మాట కూడా వినిపిస్తుంది. జాతీయ గణాంక కార్యాలయం 2024 సర్వే ప్రకారం జీతం లేని ఇంటిపని చేసేవాళ్లలో ఆడవాళ్లు రోజుకు సగటున 289 నిమిషాలు వెచ్చిస్తుంటే మగవాళ్లు వెచ్చించేది 88 నిమిషాలే. విమానాశ్రయంలో ఆడవాళ్లూ రాత్రి డ్యూటీలు చేస్తున్నారు. తాజా వంట పేరుతో మనం కాపాడుతున్నది ఎవరి శ్రమో ఆ అంకెలే చెబుతున్నాయి. పావుగంట కూర అయితే వంట రాదనే మగవాడికి తప్పించుకునే దారి కూడా ఉండదు.

రైతు వైపు నుంచి చూసినా ఈ విషయం తీసిపారేసేది కాదు. 2023 జులైలో మదనపల్లె మార్కెట్లో కిలో టమాటా దాదాపు 200 రూపాయలు పలికింది. ఆ తర్వాత రెండు నెలలు తిరగకముందే పది రూపాయల లోపుకు పడిపోయింది. పత్తికొండలో రైతులు పంటను రోడ్డు మీద పారబోయడం మనకు అలవాటైన వార్త. అగ్గువ నెలల్లో గుజ్జు చేసి దాచితే కరువు నెలల్లో శంషాబాద్ గదుల్లో కూరకు పనికొస్తుంది. అయితే ఫ్యాక్టరీ ఒక్కటే మంత్రదండం కాదు. మన టమాటాల్లో నీరెక్కువ, గుజ్జుకు తగిన రకాలు వేరే వేయాలి. పైగా మామిడి గుజ్జు ఫ్యాక్టరీలు అంత దండిగా ఉన్న చిత్తూరులోనే 2025లో తోతాపురి ధర కుప్పకూలి, ఫ్యాక్టరీలు 8 రూపాయలు, ప్రభుత్వం 4 రూపాయలు కలిపి కిలోకు 12 ఇచ్చేలా ప్రకటించాల్సి వచ్చింది. ఆ గుజ్జులో ఎక్కువ భాగం ఎగుమతి ఆర్డర్ల మీదే ఆధారపడటం దీనికి ఒక కారణం. ఇక్కడి వంటింట్లో గిరాకీ లేని సరుకుకు విదేశీ కొనుగోలుదారు చెప్పిందే ధర.

కాబట్టి తయారుచేసేవారిని అడగాల్సింది ఇటలీ బీన్స్ కాదు. ఉప్పు తక్కువ వేసి ఉడికించిన అలసందలు, ఉలవలు, కందిపప్పు చిన్న టిన్నుల్లోనో పొట్లాల్లోనో, దినకూలీ కొనగలిగే ధరకు ఇవ్వండి. సోడియం ఎంతో, కడిగి వాడాలో లేదో డబ్బా మీద తెలుగులో రాయండి. కొనేవారికి ఒక్క మాట: ఉబ్బిన టిన్ను ఎంత కొత్తదైనా తెరిచి వాసన చూడొద్దు, నేరుగా పారేయండి.