'దృశ్యం' చూశాం, అంజును చూడలేదు

టీవీలో 'దృశ్యం' వచ్చిన ఆదివారం మా హాస్టల్ హాలులో చోటు దొరకదు. ఎక్కడ ఈలలు పడతాయో, ఎక్కడ అందరూ ఊపిరి బిగబట్టి కూర్చుంటారో మాకు ముందే తెలుసు. అయినా ఈ మధ్య చూసినప్పుడు ఒక అనుమానం వచ్చింది. మనం చప్పట్లు కొడుతున్నది దేనికి?

జీతూ జోసెఫ్ 2013లో మలయాళంలో తీసిన కథ ఇది. 2014లో శ్రీప్రియ దర్శకత్వంలో వెంకటేష్, మీనా తెలుగులో చేశారు. స్కూలు క్యాంపులో అంజు స్నానం చేస్తుండగా ఒకడు సెల్‌ఫోన్‌లో వీడియో తీసి బెదిరిస్తాడు. తల్లి బతిమాలినా వినడు. అంజు చేతి దెబ్బకు చచ్చిపోతాడు. ఆ శవాన్ని ఆ కుటుంబం ఎలా దాచిందన్నదే సస్పెన్స్ అంతా.

రాంబాబు పెద్దగా చదువుకోని కేబుల్ ఆపరేటర్. సినిమాలు చూసిన తెలివితో టికెట్లు, బిల్లులు, సాక్షులు అన్నీ కూర్చి ఐ.జి.నే ఓడిస్తాడు. మన ఇళ్లలోనూ ఇలాంటి నాన్నలే. ఆఫీసు గుమ్మం బయట చెప్పులు విప్పి నిలబడే మనిషి గెలిస్తే ఎవరికి సంతోషం ఉండదు? మేమూ ఈల వేశాం, దాచడమెందుకు!

కానీ శవాన్ని చివరికి ఎక్కడ పెట్టాడో అతను భార్యకు కూడా చెప్పడు. 2021లో వచ్చిన రెండో భాగంలో ఆ బరువు మోయలేక జ్యోతి పక్కింటి ఆమెతో జరిగింది చెప్పుకుంటుంది. తీరా ఆమె మారువేషంలో ఉన్న పోలీసు. అంజుకేమో భయంతో ఫిట్స్ వస్తుంటాయి. రెండు సినిమాల్లోకీ నిజమైన సంగతి ఇదేనని మా అభిప్రాయం. అక్కడ మాత్రం ఎవరూ ఈల వేయరు.

వాళ్లు పోలీసులకు ఎందుకు చెప్పలేదని అడగడం తేలిక. రాంబాబుకు తెలిసిన పోలీసు లంచాలు మరిగిన కానిస్టేబుల్. అయితే చట్టం లేక కాదు. చాటుగా ఇలాంటి వీడియో తీయడం నేరమని 2013లోనే ఐ.పి.సి.లో 354-సి సెక్షన్ చేర్చారు. 2024 జూలై నుంచి అది భారతీయ న్యాయ సంహితలో 77వ సెక్షన్. 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం 18 ఏళ్లు నిండని పిల్లల వాంగ్మూలం వాళ్ల ఇంటి దగ్గరో, వాళ్లు కోరిన చోటో తీసుకోవాలి. పోలీసులు యూనిఫాంలో రాకూడదు. రాత్రి పూట స్టేషన్‌లో ఉంచకూడదు. డిగ్రీ అయ్యేదాకా ఈ సంగతులు మాకూ తెలియవు.

రెండేళ్ల క్రితం ఇంటర్ చదివే చెల్లెలు ఒకతె సంక్రాంతికి వెళ్లి తిరిగి రాలేదు. వాళ్ల నాన్న వచ్చి పెట్టె తీసుకుపోయాడు. పెళ్లి కుదిరిందన్నాడు. ఎవడి ఫోనులోనో ఉన్న ఫొటో సంగతి మాకు తర్వాత తెలిసింది. ఆమె పక్క మంచాలు మావే. నెల రోజులు సరిగా తినకపోతే మెస్ కూర నచ్చలేదేమో అనుకున్నాం.

1098 నంబరు మా వరండా గోడ మీద పెద్ద అక్షరాలతో రాసి ఉంది. సొంత ఫోను లేని పిల్లలకు ఉన్న ఒకే ఫోను ఆఫీసు గదిలో, రిజిస్టరులో సంతకం పెట్టే బల్ల మీద ఉంది. అక్కడ మాట్లాడితే వంటమనిషి దాకా వినబడుతుంది. ఆ ఫోనును లైబ్రరీ పక్క ఖాళీ గదిలోకి మార్చమని ఈ సంచిక ద్వారా అడుగుతున్నాం. తలుపుకు లోపల గడియ కూడా ఉండాలి.