బీరువాలోని కాగితపు చుట్టలు



మీ ఇంట్లో సాఫ్ట్‌వేరు పని చేసే అన్నయ్యగాని, అక్కయ్యగాని ఉంటే ఒక సంగతి గమనించే ఉంటారు. వాళ్లు ప్రోగ్రాము వ్రాస్తూ వ్రాస్తూ, మధ్యలో ఎవరో వ్రాసిపెట్టిన నాలుగు పంక్తులు తెచ్చి తమ దానిలో చేర్చుకుంటారు. తాము వ్రాసిన ముక్కలను తోటివాళ్లకు ఇస్తారు కూడా. "పరీక్షలో పక్కవాడి పేపరు చూస్తే బెంచీ ఎక్కిస్తారు గదా, మరి ఇదేమిటి?" అని మీకు అనుమానం రావచ్చు. రావలసిన అనుమానమే! పరీక్ష పెట్టేది మీకు వచ్చినదెంతో తెలుసుకోవటానికి. అక్కడ పక్కవాడి జవాబుతో పని లేదు. ప్రోగ్రాము వ్రాసేది ఒక పని జరగటానికి. వ్రాసినవాడు వాడుకోమని ఇచ్చినప్పుడు, అతని పేరు చెప్పి వాడుకోవటం దొంగతనం కాదు.

ఈ అలవాటు నిన్న మొన్నటిది కాదు. ఇంగ్లండులోని కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయంలో మారిస్ విల్క్స్ అనే ఆయన తోటివారితో కలిసి ఎడ్సాక్ అనే కంప్యూటరును తయారుచేశాడు. పాతకాలపు రేడియోలలో ఉండేవాటివంటి వాల్వులు దానిలో సుమారు 3,000 ఉండేవి. 1949 మే 6న అది మొదటిసారిగా పనిచేసి, 0 నుండి 99 వరకు గల అంకెల వర్గాలను అచ్చువేసి ఇచ్చింది. ఆ యంత్రానికి ఇవ్వవలసిన ఆజ్ఞలను కాగితపు పట్టీ మీద చిల్లులుగా పొడిచేవారు. ఒక్క చిల్లు తప్పిపోయినా లెక్క చెడవచ్చు.

విల్క్స్ ఆ రోజుల్లో ఒక గణిత సమస్యకు 126 పంక్తుల ప్రోగ్రాము వ్రాస్తే, దానిలో ఇరవై దాకా తప్పులు దొర్లాయి. తన శేషజీవితంలో చాలా భాగం సొంత తప్పులు వెతుక్కోవటంతోనే సరిపోతుందని ఆయనకు అప్పుడే తోచిందట. అంతటి పండితుడి పనే అలా ఉంటే ఇక తక్కినవాళ్ల మాట చెప్పాలా!

వర్గమూలం అందరికీ కావాలి. జవాబును వరుసగా అచ్చువేయటం అందరికీ కావాలి. ప్రతివాడూ వీటిని మొదటినుంచీ వ్రాసి, అవే తప్పులు మళ్లీ చేయటం దేనికి? అందుచేత ఒకరు వ్రాసి, బాగా పరీక్షించిన ముక్కను విడి పట్టీగా చుట్టి బీరువాలో పెట్టారు. కావలసినవాళ్లు దానికి నకలు తీసి తమ పట్టీలో చేర్చుకునేవారు. భాగహారపు ముక్కలకు డి, అచ్చువేసేవాటికి పి, త్రికోణమితికి టి అని అక్షరాలు పెట్టారు. 1951 నాటికి ఆ బీరువాలో 87 ముక్కలు చేరాయి.

ఇందులో ఒక చిక్కు ఉన్నది. పది ఇళ్లనుండి పిల్లలు ఒకే అంగడికి వెళతారు. సరుకు తీసుకున్నాక ఎవరింటికి వారు చేరాలి గదా? అలాగే, ఒకే ముక్కను ప్రోగ్రాములో పదిచోట్లనుండి పిలిస్తే, పని అయ్యాక అది ఎక్కడికి తిరిగి వెళ్లాలి? డేవిడ్ వీలర్ అనే ఇరవై రెండేళ్ల విద్యార్థి దీనికి ఉపాయం చెప్పాడు. వెళ్లేటప్పుడే బయలుదేరిన చోటును చీటీ మీద వ్రాసి చేతికిచ్చినట్లు చేశాడు. చీటీ చూసుకుని ముక్క తిరిగి వస్తుంది!

ఆ వీలరే 1952లో ఒక వ్యాసం వ్రాస్తూ మరొక మంచిమాట చెప్పాడు. ముక్కను వ్రాసి పరీక్షించిన తరువాత కూడా పెద్ద పని ఒకటి మిగిలే ఉంటుందట. లోపల ఏమున్నదో తెలియనివాడు సైతం తేలికగా వాడుకునేటట్లు దానికి వివరణ వ్రాయాలి. అన్నిటిలోకీ అదే కష్టమైన పని కావచ్చునన్నాడు. ఎన్నో ఏళ్లు పాఠాలు చెప్పినవాణ్ణి గనక ఈ మాట నాకు బాగా నచ్చింది. లెక్క చేయగలవాళ్లు తరగతిలో పదిమంది ఉంటారు. చేసిన విధం పక్కవాడికి బోధపడేట్టు వ్రాసేవాడు ఒకడుంటే గొప్ప. ఎడ్సాక్ ముక్కలకు మాత్రం, యంత్రంలో ఎంత చోటు కావాలి, ఎంతసేపు పడుతుంది వంటి వివరాలు ఉండేవి. విల్క్స్, వీలర్, స్టాన్లీ గిల్ కలిసి వాటిని 1951లో పుస్తకంగా కూడా వేశారు.

వివరణ లేకపోతే ఏమవుతుందో చూడండి. "సంవత్సరాన్ని 4తో భాగించు. శేషం లేకపోతే ఫిబ్రవరికి 29 రోజులు." ఇదొక చిన్న ముక్క. 1901 నుండి 2099 వరకు ఏ సంవత్సరమిచ్చినా సరిగానే చెబుతుంది. కాని అసలు నియమం ప్రకారం, 100తో భాగించబడే సంవత్సరాలకు 29 ఉండదు, అందులో 400తో భాగించబడేవాటికి మళ్లీ ఉంటుంది. కనుక 2000కు ఉన్నది, 1900కు లేదు. ముక్క వ్రాసినవాడు దాని హద్దులు చెప్పకపోతే, తీసుకున్నవాడికి ఎలా తెలుస్తుంది?

ఇది ఉత్త ఊహ కాదు. 1983లో వచ్చిన లోటస్ 1-2-3 అనే లెక్కల ప్రోగ్రాము 1900కు కూడా 29 రోజుల ఫిబ్రవరిని ఇచ్చింది. తరువాత వచ్చిన ఎక్సెల్, లోటస్ పట్టికలలోని తేదీలతో పేచీ రాకూడదని ఆ తప్పును తెలిసే ఉంచుకున్నది. మీ నాన్నగారి కంప్యూటరులో ఎక్సెల్ ఉంటే, ఒక గడిలో 60 వేసి దానిని తేదీగా చూపమనండి. మామూలు అమరికలో 1900 ఫిబ్రవరి 29 వస్తుంది. లోకంలో ఎన్నడూ రాని రోజు!

ఇక మీ పని. ఏ సంవత్సరమిచ్చినా ఫిబ్రవరికి ఎన్ని రోజులో తేల్చే పద్ధతిని ఒక చీటీ మీద వ్రాయండి. కింద మీ పేరు వ్రాయండి. చీటీని మీ తమ్ముడికో, చెల్లెలికో ఇచ్చి, మీరు పక్కగదిలోకి వెళ్లి తలుపు వేసుకోండి. 2100కు ఎన్ని రోజులని చెబుతారో వినండి.