ట్రాన్స్‌జెండర్ పిల్లల కోసం లఘుచిత్రం: మాట్లాడాల్సింది ఎవరితో?

2021లో ఎన్‌సీఈఆర్‌టీ తన వెబ్‌సైట్‌లో ఉపాధ్యాయుల కోసం ఒక శిక్షణ పుస్తకం పెట్టింది. ట్రాన్స్‌జెండర్ పిల్లలను బడిలో ఎలా కలుపుకుపోవాలో చెప్పే పుస్తకం అది. మరుగుదొడ్లు, యూనిఫాంల దగ్గర వాళ్లు పడే ఇబ్బందుల గురించి కూడా అందులో ఉంది. విమర్శలు రావడం, జాతీయ బాలల హక్కుల కమిషన్ జోక్యం చేసుకోవడం, పుస్తకం సైటు నుంచి మాయం కావడం చకచకా జరిగిపోయాయి. బంగ్లాదేశ్‌లోనూ దాదాపు ఇదే కథ. ఏడో తరగతి పుస్తకంలో షరీఫా అనే హిజ్రా పాఠం ఉండేది. 2024 జనవరిలో ఒక అధ్యాపకుడు సభలో ఆ పేజీలు చింపారు. గొడవ పెద్దదై, చివరికి పాఠాన్నే తీసేశారు.

బడి చెప్పనిది పిల్లలు ఫోన్‌లో వెతుక్కుంటారు. అక్కడ దొరికే వాటిలో లఘుచిత్రాలు ముఖ్యమైనవి. వాటిలో చాలావరకు ట్రాన్స్‌జెండర్ పిల్లలతో కాదు, వాళ్లను చూసి జాలిపడాల్సిన మిగతా జనంతో మాట్లాడుతుంటాయి. 2020లో వచ్చిన 'పావ కదైగళ్' సంకలనంలో సుధా కొంగర తీసిన 'తంగం' భాగాన్నే చూడండి. కాళిదాస్ జయరాం నటనను అందరూ మెచ్చుకున్నారు. కానీ ఇంట్లోవాళ్లు తలుపు తెరవక సత్తార్ చనిపోతుంది. ప్రేక్షకుడు కన్నీళ్లు తుడుచుకుని లేస్తాడు. అదే కథను దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని చూసే పదహారేళ్ల పిల్లకు మిగిలేదేమిటి? తన గతీ ఇంతేనన్న భయం. తెలుగు కామెడీ ట్రాకులు దశాబ్దాలుగా నేర్పిన వెక్కిరింపులు క్లాసులో ఆమె ఎలాగూ వింటూనే ఉంటుంది.

దీనికి భిన్నమైన దారి లాహోర్‌లో కనిపిస్తుంది. అక్కడి డాన్స్ థియేటర్ నేపథ్యంలో సయీం సాదిక్ తీసిన 'డార్లింగ్' 2019లో వెనిస్ చిత్రోత్సవంలో ఒరిజోంటి విభాగపు ఉత్తమ లఘుచిత్రంగా నిలిచింది. అందులో ట్రాన్స్ యువతిగా వేసింది ట్రాన్స్ మహిళే, అలీనా ఖాన్. మూడేళ్ల తర్వాత అదే దర్శకుడి 'జాయ్‌లాండ్'లోనూ ఆమే కనిపించింది. ఆ సినిమాకు కాన్ చిత్రోత్సవంలో బహుమతి వచ్చింది, సొంత దేశంలో నిషేధం ఎదురైంది. కేంద్రం తర్వాత దాన్ని ఎత్తేసినా పంజాబ్ ప్రభుత్వం ఒప్పుకోలేదు. లాహోర్ కథను లాహోర్ థియేటర్లలోనే వేయనివ్వలేదన్నమాట.

నటించేవాళ్లు ఎవరన్నది ఒక్కటే సరిపోదు. మన దగ్గర సుప్రీంకోర్టు 2014 నాల్సా తీర్పులో ఎవరి జెండర్ వాళ్లే చెప్పుకోవచ్చని గుర్తించింది. 2019 చట్టం మాత్రం మైనర్ల గుర్తింపు పత్రానికి తల్లిదండ్రులో సంరక్షకులో దరఖాస్తు చేయాలంది. అంటే పద్దెనిమిదేళ్లు నిండేదాకా కాగితం అమ్మానాన్నల చేతిలోనే ఉంటుంది. కాబట్టి ఇలాంటి సినిమాకు రెండో ప్రేక్షకురాలు అమ్మ. 'డాక్టర్‌కు చూపిస్తే మారిపోతాడు' అనే నమ్మకం చాలా ఇళ్లలో ఉంది. మద్రాసు హైకోర్టు చొరవతో, అలా మారుస్తామనే 'కన్వర్షన్ థెరపీ'ని జాతీయ వైద్య కమిషన్ 2022లో వృత్తిపరమైన దుష్ప్రవర్తనగా ప్రకటించింది. ఈ సంగతి ఎంతమంది తల్లులకు తెలుసు? క్లినిక్ మెట్ల మీద నడిచే ఒక్క సన్నివేశంతో దాన్ని చెప్పొచ్చు. పది నిమిషాల ఉపన్యాసం కంటే అది నయం.

తీసేవాళ్లు తేలిగ్గా తీసుకునే విషయం ఇంకొకటుంది. 'నిజ జీవిత కథ' అంటూ మైనర్ ముఖం చూపిస్తే, ఆ క్లిప్పు ఊరి వాట్సాప్ గ్రూపుల్లోకి వెళ్లడానికి గంట చాలు. ఈ రోజు ఉత్సాహంగా సరేనన్న పిల్ల రేపు కాలేజీ మారినా, ఉద్యోగానికి వెళ్లినా ఆ వీడియో వెంటే వస్తుంది. కథ ఆ పిల్లదైనా, తెర మీద పెద్దవాళ్లైన ట్రాన్స్ నటులు చేయొచ్చు. గొంతు మార్చొచ్చు, బొమ్మలతో చెప్పొచ్చు. కెమెరా ముందుకు రానని, లేదా ఎడిటింగ్ అయ్యాక తీసేయమని అడిగే హక్కు షూటింగ్ మొదటి రోజే ఆ పిల్లకు రాసివ్వాలి.